గడువు దాటిన అంగదులు

ఏప్రిల్ నెల నడుమ మన నెల్లూరు తీరమున రెండు సంగతులు ఇంచుమించు ఒకే కాలమున సంభవించుచుండును. 15వ తేదీనుండి జూన్ 14 వరకు, చేపలు గ్రుడ్లు పెట్టు కాలమగుటచే, మరపడవల వేటపై నిషేధము. పడవలు ఒడ్డెక్కును. వలలు నీడపట్టున కుప్పలుగా చేరును. అరువదియొక్క దినములు ఇంటి పెద్దకు సంపాదన ఉండదు. ఆ దినముల ముందు వెనుకలుగానే ఇంటర్మీడియెట్ పరీక్షా ఫలితములు వెలువడును. 2023లో ఏప్రిల్ 26న, 2024లోను 2025లోను ఏప్రిల్ 12న వెలువడినవి. మైపాడు మొదలు జువ్వలదిన్నె దాక గల పాళెములలో, తమ ఇంట తొలిసారిగా కళాశాల గడప త్రొక్కిన పిల్లలు ఆ దినమున సెల్‌ఫోను తెరమీద తమ సంఖ్యను వెదకికొందురు. ప్రక్కనే తండ్రి పనిలేక కూర్చుండి యుండును. తల్లి చీటీపాట కంతు ఎట్లు కట్టవలెనా యని లెక్క చూచుకొనుచుండును. సంఖ్య కనబడని పిల్లవాని ముఖమును ఆ క్షణమున చూచువారెవరు?

ఇది ఆదివారపు సారస్వత పుటకు తగిన విషయమా యని కొందరు అడుగవచ్చును. సారస్వతము చదువుకొనువారు బ్రతికి యుండిననే గదా సారస్వతము! ఈ పుటను చదువువారిలో ఉపాధ్యాయులును విద్యార్థులును ఎక్కువ. ఈ విషయము వారిదే.

జాతీయ నేర గణాంక సంస్థ లెక్క ప్రకారము 2022లో మన దేశమున 1,70,924 మంది ఆత్మహత్య వలన మరణించిరి. అందు విద్యార్థులు 13,044 మంది. పరీక్ష తప్పుట కారణముగా నమోదయిన మరణములు 2,248. ‘కారణముగా నమోదయిన’ అని మేము జాగ్రత్తగా వ్రాయుచున్నాము. ఏ మరణమునకును కారణము ఒక్కటియే కాదు. పరీక్ష చివర వచ్చిన గాలివాన మాత్రమే. పడవకు చిల్లి అంతకు ముందే పడియుండును. గుర్తింపబడని దిగులు రోగము, ఇంటి కలహము, అప్పు, త్రాగుడు, పదిమందిలో జరిగిన అవమానము, ఎవరితోను చెప్పుకొనలేని హింస, వీనిలో ఏదో యొకటి, తరచుగా రెండు మూడు, లోపల పనిచేయుచుండును. పోలీసు కాగితములో ఒక్క గడియే యుండుటచే అక్కడ ఒక్క మాటయే వ్రాయబడును.

మాట యనగా జ్ఞప్తికి వచ్చినది. ‘ఆత్మహత్య’ యను మాటలోనే హత్య యున్నది. నేరపు వాసన యున్నది. అందుచేత ఇంటివారు దాచుదురు, ఇరుగుపొరుగువారు గుసగుసలాడుదురు, బ్రతికి బయటపడినవాడు తలవంచుకొని తిరుగును. చట్టము సయితము చిరకాలము దీనిని నేరముగానే చూచినది. పాత శిక్షాస్మృతి 309వ సెక్షను ప్రకారము ప్రయత్నించి బ్రతికినవానికి శిక్ష. 2017లో చేయబడి 2018 మే నెలలో అమలునకు వచ్చిన మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము ఈ దృష్టిని మార్చినది. అట్టివాడు తీవ్రమైన మనోవ్యథలో నున్నవాడని భావింపవలెననియు, శిక్షింపరాదనియు, చికిత్సయు రక్షణయు కల్పించుట ప్రభుత్వ ధర్మమనియు అది చెప్పుచున్నది. 2024 జూలై 1న అమలునకు వచ్చిన భారతీయ న్యాయ సంహితలో పాత 309వ సెక్షను వంటిది లేదు. చట్టము మారినది గాని మన నాలుక ఇంకను మారలేదు. ఈ వ్యాసమున మేము పాతమాటనే వాడుచున్నాము. అందరికి తెలిసినది అదియే గనుక.

ఇక కథకు వత్తము. వాల్మీకి రామాయణమున కిష్కింధాకాండ చివరి భాగమును మన విద్యార్థులు త్వరత్వరగా దాటిపోవుదురు. సుందరకాండ ముందున్నది గదా యని తొందర. కాని ఆ నాలుగైదు సర్గలు తరగతిలో నిదానముగా చదువదగినవి. సీతను వెదకుటకై దక్షిణ దిక్కునకు పంపిన వానరులకు సుగ్రీవుడు ఒక మాసము గడువు పెట్టెను. గడువు దాటినవానికి మరణదండనయని ఆజ్ఞ. వారు కొండలు వెదకిరి, అడవులు వెదకిరి, ఋక్షబిలమున చిక్కుకొనిరి. స్వయంప్రభ దయచే వెలుపలికి వచ్చి చూచునప్పటికి ఎదుట సముద్రము. చెట్లు పూచియున్నవి. ఆ పూలను చూచిన తరువాత గాని గడువు దాటిపోయినదని వారికి తెలియలేదు. నాయకుడు అంగదుడు. యువరాజు, పిన్నవయస్కుడు, తండ్రిని పోగొట్టుకొన్నవాడు. తిరిగిపోయి పినతండ్రి ముఖము చూచుటకంటె ఇచ్చటనే ప్రాయోపవేశము మేలని అతడు పలికెను.

ఆ తీరము మన తీరమేయని ఎవరును చెప్పజాలరు, మేమును చెప్పము. కాని అంగదుని మాటలు మన పాళెపు పిల్లవాని మాటలే. సుగ్రీవునకు తనమీద ప్రేమ లేదట. తనకు యౌవరాజ్యము కట్టినది రాముడే గాని సుగ్రీవుడు కాదట. పాత పగ యున్నవానికి ఈ తప్పిదము సాకుగా దొరకినదట. ఇందులో సత్యమెంత, భయమెంత యని అప్పటికప్పుడు తూచుట ఎవరి తరము? గడువు దాటుట ఒక్క సంగతి. దానిచుట్టు అతని మనసు అల్లుకొన్న చీకటి మరియొక సంగతి. మరియొకటి గమనింపవలెను. కూర్చుండుటకు ముందు అతడు అప్పగింతలు పెట్టెను. పెద్దలకు తన నమస్కారములు తెలుపుడనెను, తల్లి తారను ఓదార్చుడనెను. ఏ సంబంధమును లేకుండ అకస్మాత్తుగా పిల్లవాడు అప్పగింతలు పెట్టినచో వినువారు ఉలికిపడవలెనని ఆదికవి మనకు చూపియే యున్నాడు.

అప్పుడు హనుమంతుడేమి చేసెను? అతడు మాటలలో మేటి. మొదట తక్కిన వానరులను అంగదునినుండి విడదీయ జూచెను. పిదప భయపెట్టెను, లక్ష్మణుని బాణములను జ్ఞప్తికి తెచ్చెను. సుగ్రీవునకు నీవు తప్ప వేరు కొడుకు లేడని నచ్చజెప్పెను. ఫలితమేమి? అంగదుడు మరింత గట్టిపడి దర్భలమీద కూర్చుండెను. అతనిచుట్టు తక్కిన వానరులందరును కూర్చుండిరి. హనుమంతుని దృష్టి అప్పుడు రాచకార్యముమీద నుండెను, సేన చీలిపోవునేమో యని. కూర్చున్నవాని గుండెమీద లేదు. ఇది మహావీరునకు నింద కాదు. భయపెట్టిన మాట, పోల్చిన మాట, నీతి చెప్పిన మాట అట్టివేళ పనిచేయవని మాత్రమే దీని యర్థము.

అదే హనుమంతుని కొలదిదినముల తరువాత అశోకవనమున చూడుడు. చెట్టుక్రింద సీత ప్రాణములమీద ఆశ వదలుకొన్నది. అతడు కొమ్మమీదనుండి ఆ సంగతి గ్రహించెను. గ్రహించి వెంటనే దుమికి ఉపన్యాసమీయలేదు. ఏ భాషలో పలుకవలెను, ఎట్లు మొదలుపెట్టిన ఆమె బెదరదు, మాటాడకున్న ఈ రాత్రి గడచునా యని చాల సేపు ఆలోచించెను. ఆలోచించి మౌనముగా నుండుట ప్రమాదమని నిశ్చయించెను. మృదువుగా, ఆమె చెవికి ఇంపైన కథతో ఆరంభించెను. పిదప ఆమె అనుమానములను, దుఃఖమును సాంతము వినెను. సుందరకాండను వీరగాథగా చెప్పుట వాడుక. మా దృష్టిలో అది ముందుగా ఆపదలోనున్న మనసును గుర్తించి పలుకరించుట యెట్లో తెలిపిన కథ.

అంగదుని కథ ఎట్లు ముగిసినదో అందరకు తెలియును. వానరులు తమలో తాము మాటాడుకొనుచు జటాయువు పేరెత్తిరి. కొండమీది సంపాతి తమ్ముని పేరు విని దిగివచ్చెను. సీత జాడ తెలిసినది. గడువులోపల దొరకని జాడ గడువు దాటిన తరువాత దొరకినది!

ఇక ఉపాధ్యాయులతో కొంత సూటిగా మాటాడవలసి యున్నది. తుపాను వచ్చునప్పుడు కృష్ణపట్టణము రేవున ప్రమాద సూచిక ఎగురవేయుదురు. ఒకటవ సంఖ్య మొదలు పదునొకటవ సంఖ్య వరకు కలవు. మూడవ సంఖ్య ఎగురవేసిన ప్రతిసారి తుపాను మనమీదనే విరుచుకొనిపడదు; ఎన్నోసార్లు ప్రక్కకు తొలగిపోయినది. అయినను అది చూచి వేటకు పోవు సరంగును ఎవరును మెచ్చరు. పిల్లలలో కనబడు సూచికలును అట్టివే. అవి జోస్యములు కావు. ఒక్కొక్కటి వేరుగా చూచినచో ఏమియు కాకపోవచ్చును. రెండు మూడు కూడి, పిల్లవాని సహజ స్వభావమునకు భిన్నముగా కనబడినప్పుడు పడవను ఆపవలెను.

ఏవి ఆ సూచికలు? అన్నిటికంటె ముందు మాటలు. మన ప్రాంతపు పిల్లల నోట అవి పుస్తకములలోని మాటలవలె రావు. “నేనుంటే ఏంది, లేకపోతే ఏంది” అనును. “మా నాయన అప్పుల్లో సగం నా వల్లే” అనును. “ఇంక మీకు నాతో బాధ ఉండదులే” అని నవ్వుచు కూడ అనవచ్చును. చెప్పువాడు చేయడను మాట మన ఊళ్లలో గట్టిగా నాటుకొన్నది. అది అసత్యము. అట్లు మరణించినవారిలో పలువురు అంతకు ముందు ఏదో యొక విధముగా ఎవరితోనో చెప్పినవారే. తాను ఇంటికి బరువైతినన్న భావము, ఇక దారి లేదన్న భావము, ఈ రెండును కలిసి పలికిన పిల్లవానిని ఆ పూట ఒంటరిగా ఇంటికి పంపరాదు.

తరువాత నడవడి. కబడ్డీ ఆటలో ముందుండువాడు గట్టున కూర్చుండును. మధ్యాహ్న భోజనమునకు తోడివారితో చేరడు. తరగతిలో నిదురపోవును, లేదా రాత్రులు నిదురలేక కన్నులు లోతుపోయి యుండును. అక్షరములు చక్కగా వ్రాయు బాలిక కాగితము ఖాళీగా ఇచ్చును. ప్రాణమువలె చూచుకొన్న గడియారమును, పెన్నును, బొమ్మల పుస్తకమును స్నేహితులకు ఊరకే పంచిపెట్టును. చేతులు కప్పు చొక్కా ఎండకాలమునను విడువదు. మగపిల్లలలో దిగులు పలుమారు దిగులుగా కనబడదు. కోపముగా, తగవుగా, త్రాగుడుగా కనబడును. వానిని మనము దుడుకువాడని బెంచీ ఎక్కింతుము. ఇంకొక సూచిక మిక్కిలి మోసకరమైనది. చాల దినములు క్రుంగియున్న పిల్లవాడు ఒకనాడు హఠాత్తుగా తేటపడి శాంతముగా కనబడును. ‘హమ్మయ్య, కోలుకొన్నాడు’ అని మనము ఊరడిల్లుదుము. నిజముగా కోలుకొనవచ్చును, నిశ్చయమునకు వచ్చిన శాంతియు కావచ్చును. అడిగిన గాని తెలియదు. ఇంతకు ముందొకసారి ప్రయత్నించినవాని విషయమున, ఇటీవల ఇంట అట్టి మరణము జరిగినవాని విషయమున కన్ను మరింత తెరచి యుంచవలెను.

అడుగుటయే పెద్ద చిక్కు. అడిగినచో లేని తలంపు పుట్టింతుమేమో యని మంచి ఉపాధ్యాయులే వెనుకాడుదురు. ఈ భయమునకు ఆధారము లేదని ఎన్నో పరిశోధనలు తేల్చినవి. తలంపు లేనివాడు ‘లేదు సార్’ అని పోవును. ఉన్నవానికి మాత్రము ఎవరో తన చీకటిలోనికి దీపము పట్టుకొని వచ్చినట్లుండును. కావున డొంకతిరుగుడు వలదు. పదిమందిలో కాక ప్రక్కకు పిలిచి, తానును కూర్చుండి, “అబ్బయ్యా, నాలుగు దినాలుగా చూస్తా ఉండాను, నువ్వు నీ మాదిరిగా లేవు. చచ్చిపోవాలని గాని అనిపిస్తా ఉందా?” అని వాని భాషలోనే అడుగవచ్చును. అడిగి ఊరకుండవలెను. ఈ ఊరకుండుట మన వృత్తిలోనివారికి కష్టము. నలుబది నిముషములు ఎడతెగక మాటాడుట అలవాటైన నోరు. అయినను ఊరకుండవలెను. “ఏందా పిచ్చి మాటలు”, “మీ అమ్మను చూసి సిగ్గుపడు”, “నీ వయసులో మేమెన్ని కష్టాలు పడలేదు” అనునవి హనుమంతుని మొదటి పద్ధతికి చెందినవి. ‘నాతో చెప్పినావు, మంచి పని చేసినావు’ అన్న ఒక్క మాట వానికంటె పది రెట్లు బలము గలది.

ఉన్నదని చెప్పినచో అప్పుడేమి? ఎట్లు, ఎప్పుడు అని ఏదైన అనుకొన్నాడా యని తెలిసికొనవలెను. అనుకొనియున్నచో అది అత్యవసరము. ఒక్క నిముషమును ఒంటరిగా విడువరాదు. తలిదండ్రులను గాని, వాడు నమ్మిన పెద్దను గాని పిలిపించి చేతికప్పగింపవలెను. ‘జాగ్రత్త’ యని చీటీ వ్రాసి పంపుట చాలదు. ప్రమాదము ఎదుటనే యున్నచో 108కి చెప్పి ఆసుపత్రికి చేర్చవలెను. రహస్యముగా నుంచెదనని మాత్రము మాట ఈయరాదు. ‘నీ ప్రాణముకంటె నీ రహస్యము పెద్దది కాదు, ఎవరికి చెప్పవలెనో మనమిద్దరము కలిసి నిర్ణయింతము’ అనుట న్యాయము.

ఇంటిలో ప్రాణాపాయకరమగు వస్తువులను అందకుండ దాచుట చిన్న సంగతియని అనుకొందురు. చచ్చువాడు ఏ విధముగానైన చచ్చునని వాదింతురు. అది తప్పు. మరణేచ్ఛ తరచుగా అలవలె లేచి అలవలె విరుగును. ఆ కొద్ది కాలము చేతికేమియు అందకున్నచో ప్రాణము నిలుచును. శ్రీలంకలో 1995 మొదలు మిక్కిలి విషకరములగు పురుగుమందులను ఒక్కటొక్కటిగా నిషేధించిరి. తరువాతి రెండు దశాబ్దములలో అక్కడి ఆత్మహత్యల రేటు సగముకంటె చాల తక్కువకు పడిపోయినది. వరిసాగు గల మన ఇండ్లలో అట్టి మందులు వంటయింటి అటకమీద కాక తాళము గల పెట్టెలో నుండవలెనని ఉపాధ్యాయుడు తలిదండ్రుల సమావేశమున చెప్పవచ్చును. దానికి మనోవైద్య శాస్త్రము చదివియుండ నక్కరలేదు.

కేంద్ర ప్రభుత్వము 2022 అక్టోబరు 10న ‘టెలి మానస్’ అను సహాయ వ్యవస్థను ఆరంభించినది. సంఖ్య 14416. రాత్రింబగళ్లు, రుసుము లేకుండ, తెలుగులోనే మాటాడవచ్చును. ఆపదలోనున్నవాడే గాక, వానిని చూచి ఏమి చేయవలెనో తోచని ఉపాధ్యాయుడును, స్నేహితుడును ఆ సంఖ్యకు మాటాడవచ్చును. వినుటయే చికిత్సలో మొదటి మెట్టు అని గ్రహించినవారు వైద్యులలోనే కాదు, సామాన్యులలోను కలరు. 1953లో లండను నగరమున చాడ్ వరా అను మతాచార్యుడు టెలిఫోను ప్రక్కన కూర్చుండి ఇట్టివారి మాటలు వినుట ప్రారంభించెను. సమారిటన్స్ సంస్థ అట్లు పుట్టినది. మనకు దక్షిణమున ప్రక్కనే యున్న మద్రాసులో 1986లో డాక్టరు లక్ష్మీ విజయకుమార్ ‘స్నేహ’ను స్థాపించిరి. అక్కడ వినువారు స్వచ్ఛంద సేవకులు, శిక్షణ పొందిన మామూలు మనుష్యులు.

విద్యార్థులకు ఒక్క మాట. స్నేహితుడు మీతో చెప్పి, ఎవరికిని చెప్పవద్దని ఒట్టు పెట్టించుకొనవచ్చును. ఆ ఒట్టు తీసి గట్టుమీద పెట్టుడు. వాడు అలిగినను బ్రతికియున్నవాడు అలుగును. అలిగినవానితో మరల నేస్తము కట్టవచ్చును. ఆ బరువు మీ వయసునకు మించినది. మీలో మీరే మోయక నమ్మకము గల పెద్దకు చెప్పుడు. ఆ పెద్ద నవ్వి త్రోసివేసినచో మరియొక పెద్దకు చెప్పుడు. ఆ తలంపు మీకే కలిగినచో సిగ్గుపడవలదు. అది మీ స్వభావము కాదు, మీ పిరికితనము కాదు. జ్వరమువలె వచ్చునది, చికిత్సకు లొంగునది. 14416 మీ కొరకే యున్నది.

బడులను గూర్చియు కళాశాలలను గూర్చియు చెప్పక తప్పదు. ఇంటర్మీడియెట్ శిక్షణకు నెల్లూరు రాష్ట్రమంతట పేరొందిన పట్టణము. పేరుతో పాటు బాధ్యతయు వచ్చును. కార్పొరేటు కళాశాలలలో విద్యార్థుల మరణములను గూర్చి ఉమ్మడి రాష్ట్రమున 2001లో నీరదారెడ్డి కమిటీ, విభజన తరువాత 2017లో చక్రపాణి కమిటీ విచారించినవి. నివేదికలకు కొరత లేదు. ఇప్పుడు అంతకంటె గట్టిది చేతికి వచ్చినది. విశాఖపట్టణమున వైద్య ప్రవేశ పరీక్షకు చదువుచుండిన ఒక బాలిక 2023 జూలైలో మరణించగా, తండ్రి న్యాయము కోరి సుప్రీంకోర్టు వరకు నడిచెను. 2025 జూలై 25న జస్టిస్ విక్రమ్ నాథ్, జస్టిస్ సందీప్ మెహతా ఆ యప్పీలులో తీర్పు చెప్పుచు, శాసనము వచ్చువరకు దేశములోని విద్యాసంస్థలన్నిటిని కట్టియుంచునట్టి పదునైదు మార్గదర్శక సూత్రములను నిర్దేశించిరి. నూరుగురు విద్యార్థులున్న ప్రతి సంస్థయు అర్హత గల సలహాదారును గాని, మనస్తత్వవేత్తను గాని, సామాజిక కార్యకర్తను గాని నియమింపవలెను. అంతకంటె చిన్న సంస్థలు వెలుపలి నిపుణులతో సంబంధము ఏర్పరచుకొనవలెను. మార్కులనుబట్టి తరగతులను విడదీయుట, పదిమందిలో అవమానించుట కూడదు. బోధకులకే గాక బోధనేతర సిబ్బందికిని ఏడాదికి రెండుసార్లు శిక్షణ కావలెను. టెలి మానస్ సంఖ్యను వసతి గృహములలో, తరగతులలో పెద్ద అక్షరములతో వ్రాసి పెట్టవలెను.

ఈ చివరిదానికి ఒక డబ్బా రంగు, ఒక కుంచె చాలును. మన తీరపు పాఠశాలలలో ఎన్నింటి గోడలమీద ఆ అయిదంకెలు కనబడుచున్నవో పాఠకులు తమ ఊరి బడికి పోయి చూడవచ్చును. సలహాదారు నియామకమునకు డబ్బు లేదని యందురు. ఆ మాటలో కొంత నిజము కలదు. ఉపాధ్యాయుల నెత్తిన ఇప్పటికే జనాభా లెక్కలు, వోటర్ల జాబితాలు, ఫోనులో నింపవలసిన నూరు విధముల పట్టికలు ఉన్నవి. ఇంకొక బరువు మోపి వెడలిపోవుట మా ఉద్దేశము కాదు. కాని మార్కుల వరుసనుబట్టి పిల్లలను వేరువేరు గదులలో కూర్చుండబెట్టకుండుటకు డబ్బు అక్కరలేదు. ఫలితముల దినమున ప్రథమ శ్రేణి పిల్లల చిత్రములతో నిలువెత్తు పటములు వీథివీథిన కట్టకుండుటకు అసలే అక్కరలేదు. ఆ పటములకు అయిన ఖర్చుతో ఒక సలహాదారునకు ఎన్ని నెలల జీతము వచ్చునో యాజమాన్యములే లెక్క కట్టవచ్చును.

మార్కు అనునది ఎంత నమ్మదగినది? 2019 ఏప్రిల్‌లో తెలంగాణమున ఇంటర్మీడియెట్ ఫలితములు వెలువడిన తరువాత ఇరువదిమందికి పైగా విద్యార్థులు మరణించినట్లు వార్తలు వచ్చినవి. విచారణ సంఘము లోపములను ఎత్తిచూపినది. తప్పినవారందరి పత్రములను రుసుము లేకుండ మరల పరిశీలింపవలెనని ప్రభుత్వము ఆజ్ఞాపించినది. ఆ ఫలితములలో ఒక విద్యార్థినికి తెలుగులో సున్న వచ్చినది. పత్రము మరల చూడగా 99 మార్కులు! తెలుగు బోధించువారమైన మేము ఆ వార్తను తేలికగా మరువజాలము. దిద్దువాని చేయి జారిన చోట ఒక సంవత్సరము, ఒక్కొక్కప్పుడు ఒక ప్రాణము వ్రేలాడుచుండును.

గడువును గోడగా కట్టుటయా, గుమ్మముగా తెరచుటయా యనునది ప్రభుత్వముల చేతిలోని పని. తమిళనాట తప్పినవారు ఏడాది పోగొట్టుకొనకుండ వెంటనే వ్రాయుటకు అనుబంధ పరీక్షలు పెట్టినారు. పరీక్ష తప్పుటకు సంబంధించిన మరణములు ఆ పిదప అక్కడ తగ్గినవి. మనకును అడ్వాన్స్‌డ్ సప్లిమెంటరీ పరీక్షలు మే నెలలోనే జరుగుచున్నవి. అయితే ఎంతమంది పిల్లలకు ఫలితము చూచిన ఆ గంటలో ఈ సంగతి జ్ఞప్తియందుండును? అది ముందే, మార్చి నెలలోనే, పరీక్షలకు పోవునప్పుడే ప్రతి తరగతిలో నోరార చెప్పవలసిన సంగతి.

నోరార చెప్పినచో ఏమగునో ఈ జిల్లా ఒకసారి చూచియే యున్నది. దూబగుంటలో అక్షరములు నేర్వవచ్చిన స్త్రీలు వాచకములోని సీతమ్మ కథ చదివి, అంతవరకు ఎవరి ఇంటిలో వారు దాచుకొన్న సారా బాధను వీథిలోనికి తెచ్చిరి. అది 1992. 1993 అక్టోబరు 1న రాష్ట్రమంతట సారా నిషేధింపబడినది. పాఠమునకు అంత బలము కలదు. ఈ బాధ కూడ ప్రస్తుతము ఎవరి ఇంటిలో వారు దాచుకొనుచున్నదే.

పత్రికలవారు కూడ ఈ దోషమునకు బయటివారు కారు. ఒకడు కూర్చుండగా వానరులందరును కూర్చుండిరి గదా! మరణించిన పిల్లల చిత్రములు, విధానము, చివరి ఉత్తరము మొదటి పుటలో వేయుట అట్టి పని చేయించును. భారత ప్రెస్ కౌన్సిలు 2019లో ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రములనుబట్టి ఈ విషయమున నియమములు చేసినది. వార్తను పెద్దది చేయరాదు, విధానమును వివరింపరాదు, సహాయము దొరకు చోటును తెలుపవలెను. ఇంతలేసి నియమములను చదివియు, ఏప్రిల్ వచ్చునప్పటికి మరచువారు కలరు.

బ్రతికి తిరిగివచ్చిన పిల్లలను గూర్చి ఎవరును వ్రాయరు. ఆసుపత్రినుండి వచ్చి, పదిదినముల తరువాత ఆ పిల్లవాడు తరగతి గుమ్మమున నిలుచును. నలుబది జతల కన్నులు వానిమీదనే యుండును. అది మిక్కిలి అపాయకరమైన కాలము. మరల ప్రయత్నించుట ఈ మొదటి వారములలోను నెలలలోనే యెక్కువ. కథ చెప్పించుకొనవలదు, జాలి చూపులు వలదు, క్షమాపణ పత్రములు వ్రాయించుకొనవలదు. వాని బెంచీ వానికి ఖాళీగా ఉంచవలెను. తప్పిపోయిన పాఠములు ఎత్తి వ్రాసి యిచ్చుటకు ఒక స్నేహితుని ముందే నియమింపవలెను. వారమునకొకసారి ఒక ఉపాధ్యాయుడు, ఎప్పుడును ఆ ఒక్కడే, ‘ఈ వారమెట్లున్నది?’ అని అడుగవలెను. మందులు వాడుచున్నాడా, వైద్యుని మరల చూచినాడా యని ఇంటివారిని కనుగొనవలెను. ఏడాది పాటు ఈ పని సాగవలెను.

ఇక వచ్చు ఏప్రిల్ మాట. ఫలితముల తేదీ ముందుగానే ప్రకటింపబడును. ఆ దినమున సెలవులని కళాశాల తలుపులు మూసియుంచక, ఇద్దరు అధ్యాపకులయినను వచ్చి కూర్చుండవలెను. తప్పినవారి జాబితా చేతికి రాగానే మొదటి పిలుపు వారి ఇండ్లకు పోవలెను; ఉత్తీర్ణులను అభినందించుట సాయంకాలమునకైనను ఆగును. పాళెములలో వేట లేదు గనుక తండ్రి ఇంటనే యుండును. ముందు ఆయనతో మాటాడి, పిల్లవానిని తిట్టవద్దని, రాత్రి ఒంటరిగా పడుకొననీయవద్దని చెప్పి, అనుబంధ పరీక్షకు రుసుము కట్టవలసిన చివరి తేదీ ఏదో ఆయనకే వ్రాసియిచ్చి రావలెను.